ఆమోదం వచ్చిన తరువాత ఎలుకల సంఖ్య పెంచుకోవచ్చా?

ప్రశ్న (ఫార్మసీ పరిశోధక విద్యార్థిని):
విస్టార్ (ప్రయోగశాలల్లో పెంచే ఒక రకం) ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చి మధుమేహం కలిగించి, వాటిపై ఒక మొక్క సారాన్ని పరీక్షిస్తున్నాను. మా సంస్థ జంతు నైతిక సంఘం 30 ఎలుకలకు అనుమతి ఇచ్చింది. ఇంజెక్షన్ చేసిన రెండు రోజుల్లోనే 7 ఎలుకలు చనిపోయాయి. మరో విద్యార్థి ప్రాజెక్టుకు తెప్పించిన ఎలుకలు కొన్ని యానిమల్ హౌస్‌లో మిగిలి ఉన్నాయి. ఆయనకూ, మా గైడ్ గారికీ అభ్యంతరం లేదు. సంఘం తదుపరి సమావేశానికి చాలా వ్యవధి ఉన్నందున వాటిని నా ప్రయోగంలో చేర్చుకోవచ్చా?

జవాబు (ఒక సంఘ సభ్యుడు):
చేర్చుకోకూడదమ్మా. అనుమతి ఫలానా ప్రయోగానికి, ఫలానా జాతికి, ఫలానా సంఖ్యకు మాత్రమే వర్తిస్తుంది. అనుమతి దరఖాస్తైన ఫారం బి లో మీరు రాసిన సంఖ్యకూ, యానిమల్ హౌస్‌లో ఫారం డి ప్రకారం నమోదు చేసే జంతువుల, ప్రయోగాల వివరాలకూ పొంతన ఉండాలి. ఆ విద్యార్థి, మీ గైడ్ గారి అంగీకారం సంఘం అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. పశువైద్యుడు, బయటి సంస్థ శాస్త్రవేత్త, శాస్త్రరంగానికి చెందని సభ్యుడు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ నామినీ కూర్చునే సంఘాన్ని జంతు ప్రయోగాలపై 1998 నాటి నియమాలు ఏర్పాటు చేసింది ఇందుకే. మరణాలను దాచకుండా, కారణం వివరిస్తూ సవరణ కోసం దరఖాస్తు పెట్టండి.

జవాబు (యానిమల్ హౌస్ పశువైద్యురాలు):
కొత్త ఎలుకలను అడిగేముందు, పాతవి ఎందుకు చనిపోయాయో తేల్చుకోవాలి. స్ట్రెప్టోజోటోసిన్ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను ధ్వంసం చేసినప్పుడు వాటిలో నిలవ ఉన్న ఇన్సులిన్ ఒక్కసారిగా విడుదలై, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. తొలి ఒకటి రెండు రోజుల మరణాలకు తరచుగా ఇదే కారణం. మొదటి రాత్రి తాగే నీటిలో గ్లూకోజ్ కలిపి ఇస్తే చాలా ప్రాణాలు దక్కుతాయి. మీరు ఆ జాగ్రత్త తీసుకున్నారా? తీసుకోకపోతే, అదనంగా ఇచ్చే ఎలుకలూ అలాగే పోతాయి. మోతాదును కూడా ఎలుకల బరువుతో మళ్లీ సరిచూడండి.

బతికిన ఎలుకల సంగతి కూడా మరువకండి. మధుమేహం వచ్చిన ఎలుక విపరీతంగా మూత్రం పోస్తుంది కనుక, ఆరోగ్యమైన వాటికి సరిపోయే వ్యవధిలో పంజరంలో పరిచే పొట్టు మారిస్తే పంజరం తడిసి ముద్దవుతుంది. రోజూ బరువు తూచండి. ఎంత తగ్గితే ప్రయోగం నుంచి తప్పించి బాధలేకుండా ప్రాణం తీయాలో ముందే రాసిపెట్టుకోవాలి. బరువులో ఐదో వంతు తగ్గడాన్ని చాలాచోట్ల హద్దుగా తీసుకుంటారు. ఆ నిర్ణయాన్ని ఫలితాల మీద ఆశతో ఉన్న విద్యార్థికి వదిలేయడం నాకు సరికాదనిపిస్తుంది.

జవాబు (శాస్త్రరంగానికి చెందని సభ్యురాలు):
జంతు హింస నివారణ చట్టాన్ని 1960లో చేసినప్పుడు, ప్రయోగాల నియమోల్లంఘనకు పెట్టిన జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. అది చూసి కొందరు నియమాలను తేలికగా తీసుకుంటారు గానీ, అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం సంస్థలో ప్రయోగాలనే కేంద్ర కమిటీ నిషేధించగలదు. ఒకరి తొందరపాటు వల్ల మీ తోటి విద్యార్థులందరి పనీ ఆగిపోవచ్చు. సమావేశం ఆలస్యమైతే, అత్యవసర సవరణల కోసం ముందుగా కూర్చోమని మీ గైడ్ గారి ద్వారా అధ్యక్షుడికి లేఖ రాయించండి. అంతవరకు మిగిలిన 23 ఎలుకలతోనే గణాంకపరంగా ఎంతవరకు తేల్చగలరో లెక్క కట్టి, ఆ లెక్కను దరఖాస్తుకు జతచేయండి. అదనంగా ఎన్ని కావాలో ఆ లెక్క చెప్పాలి. చనిపోయిన ఏడింటికి బదులు మరో ఏడు అని రాస్తే నేనైతే అభ్యంతరం చెబుతాను.