యూదా ఎత్తి రాసిన హనోకు గ్రంథాన్ని మనం ముట్టుకోకూడదా?

కాకినాడ కుర్రాడు:
మొన్న బైబిలు స్టడీలో కొత్త నిబంధనలోని యూదా పత్రిక 14, 15 వచనాల దగ్గర ఆగిపోయాం. ప్రభువు వేవేల పరిశుద్ధులతో వస్తాడని హనోకు ప్రవచించినట్టు యూదా రాశాడు కదా, ఆ మాట ఆదికాండంలో ఎక్కడా లేదు, హనోకు పేరు మీద ఉన్న పాత యూదుల పుస్తకం హనోకు గ్రంథం మొదటి అధ్యాయం 9వ వచనంలో మాత్రం దాదాపు అలాగే ఉంది. పాస్టర్ గారు "అది మన బైబిల్లోది కాదు, ముట్టుకోవద్దు" అన్నారు. యూదా ముట్టుకున్నాడు కదండీ అన్నాను. అందరూ నన్ను అదోలా చూశారు.

మందార మొక్క:
అడగడంలో తప్పేం లేదు తమ్ముడూ. కానీ ఒక మాట ఎత్తి రాసినంత మాత్రాన పుస్తకమంతా వాక్యం అయిపోదు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవి అరాటస్ మాట చెప్పాడు, మరి ఆ పద్యాలు మనం ఆదివారం ఆరాధనలో చదువుతున్నామా?

కాకినాడ కుర్రాడు:
అక్కా, అక్కడ పౌలు "కవులు" అన్నాడు. ఇక్కడ యూదా "ప్రవచించాడు" అంటున్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

మందార మొక్క:
తీతు 1:12 తీసి చూడు. క్రేతు వాళ్ళు అబద్ధికులన్న మనిషిని పౌలు "వాళ్ళ సొంత ప్రవక్త" అనే అన్నాడు.

కాకినాడ కుర్రాడు:
అది చూసుకోలేదు, ఒప్పుకుంటున్నా. అయినా "ఆదాము మొదలుకొని ఏడవవాడు" అని వరస కూడా చెప్పి రాశాడంటే యూదాకి ఇది మామూలు మాట కాదనిపిస్తోంది.

పాత కాగితాలు:
మధ్యలో దూరుతున్నా. అసలు హనోకు గ్రంథం ఒక్క పుస్తకం కాదు, వేర్వేరు కాలాల్లో రాసినవి కలిపి కుట్టినది. మృతసముద్రం దగ్గర కుమ్రాను 4వ గుహలో 11 అరామిక్ ప్రతుల ముక్కలు దొరికాయి గానీ మనుష్యకుమారుడి గురించి చెప్పే 37–71 అధ్యాయాలవి ఒక్క ముక్క కూడా లేదు. అందుకని యేసుకి ఆ బిరుదు ఇక్కడి నుంచే వచ్చిందని వాదించేవాళ్ళు కాస్త ఆగాలి. పుస్తకం మొత్తంగా మిగిలింది ఇథియోపియా పాత భాష గీజ్‌లోనే, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం బైబిల్లో ఇప్పటికీ ఉంది, 1773లో స్కాట్లాండ్ యాత్రికుడు జేమ్స్ బ్రూస్ ప్రతులు తెచ్చేదాకా ఐరోపా వాళ్ళకి పూర్తి పుస్తకమే తెలియదు. నేనైతే చదవమనే అంటాను, సిద్ధాంతం కోసం కాదు, యూదా పత్రిక అందుకున్నవాళ్ళకి ఏ కథలు తెలుసో తెలుసుకోవడానికి. తమ నివాసం విడిచిన దూతలు అని 6వ వచనంలో ఒక్క ముక్కలో చెప్పి వెళ్ళిపోయాడు. వివరించలేదంటే, వాళ్ళకి ముందే తెలుసన్నమాట.

మందార మొక్క:
నా భయమూ అక్కడే అన్నా. మీరు అలా చదువుతారు, యూట్యూబ్ చూసి వచ్చేవాళ్ళు అలా చదవరు. ఆ గ్రంథం 7వ అధ్యాయంలో ఆ దూతలకి పుట్టిన రాక్షసుల ఎత్తు 3000 మూరలట. నోవహు ఓడ పొడవే 300 మూరలు! ఒక్కొక్కడూ ఓడకి పదింతలన్నమాట. దీన్ని ఆదికాండం 6వ అధ్యాయానికి వ్యాఖ్యానంగా పెట్టి పిల్లలకి చెప్పేవాళ్ళని చూశాను.

పాత కాగితాలు:
పిల్లలకి చెప్పడం వేరు సిస్టర్, మనం చదవడం వేరు. వద్దంటే ఎలాగూ ఆ వీడియోల్లోనే చూస్తారు. ఈ గొడవ కొత్తదీ కాదు. తొలినాటి క్రైస్తవ రచయిత టెర్తుల్లియన్ యూదా సాక్ష్యం చూపించే ఈ గ్రంథాన్ని వెనకేసుకొచ్చాడు, ఆ తర్వాత బైబిలుని లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ నాటికేమో దీన్ని ఎత్తి రాసినందుకు యూదా పత్రికనే చాలామంది పక్కన పెట్టారట.

కాకినాడ కుర్రాడు:
వచ్చే వారం మాకు 2 పేతురు 2:4. పాపం చేసిన దూతలు, చీకటి బిలాలు, మళ్ళీ అదే సంగతి, హనోకు పేరు మాత్రం లేదు. చెప్పేది ఆ పాస్టర్ గారే. ఈసారి నేను నోరు మూసుకుని వింటా.