సొంత నాయకుల్ని చంపుకోవడమే తమిళ ఈళాన్ని ముంచిందా?

పాత పేపర్లు:
మన దగ్గర శ్రీలంక యుద్ధం మాట ఎత్తితే చర్చ శ్రీపెరుంబుదూర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖలో ప్రచారం ముగించుకునే మద్రాసు వెళ్లాడు, అక్కడ ఆయన్ని టైగర్లు (శ్రీలంకలో ప్రత్యేక తమిళ ఈళం దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈ) చంపాక రాజకీయాల నుంచి తప్పుకుందామనుకుంటున్న పీవీ ప్రధాని అయ్యాడు, కాబట్టి మనవాళ్లకి గుర్తుండేది అదొక్కటే. నేను అడిగేది వేరే. టైగర్లు చంపిన రాజకీయ నాయకుల్లో తమిళులు ఎంతమందో ఎప్పుడైనా చూశారా?

ఉత్తర శ్రీలంకలో తమిళుల ముఖ్య పట్టణం జాఫ్నా, దాని మేయర్ కుర్చీ ఒక్కటి తీసుకోండి చాలు. 1975 జులై 27న ఆల్ఫ్రెడ్ దురైయప్పని పొన్నాలైలో పెరుమాళ్ గుడి దగ్గర కాల్చేశారు, టైగర్ల నాయకుడు ప్రభాకరన్ పేరు బయటికొచ్చిన మొదటి పెద్ద హత్య అదే. తర్వాత ఏళ్ల తరబడి యుద్ధం. 1998 జనవరిలో మళ్లీ స్థానిక ఎన్నికలు జరిగితే సరోజిని యోగేశ్వరన్ మేయర్ అయ్యారు, మే 17న ఆమెనీ కాల్చి చంపారు. ఆమె భర్త యోగేశ్వరన్ మాజీ ఎంపీ, ఆయన్ని 1989లోనే టైగర్లు చంపారు. ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న పొన్ శివపాలన్ సెప్టెంబర్ 11న మీటింగ్‌లో ఉండగా బాంబు పేలి పోయాడు. నాలుగు నెలలు కూడా కాలేదు! వీళ్లలో ఒక్కరూ సింహళీయులు కారు, సైన్యం వాళ్లు కారు. నీళ్లు, రోడ్లు, దీపాలు చూసుకునే మున్సిపాలిటీ మనుషులు.

నా వాదన ఇదీ. 2009లో సైన్యం ఓడించకముందే, ఆ ఉద్యమం తరఫున బయటి ప్రపంచంతో మాట్లాడగలిగిన వాళ్లని టైగర్లే మిగల్చకుండా చేశారు. కాదంటారా?

శ్రీకాకుళం శీను:
కాదనే అంటాను సార్. మీరు కథని 1975 దగ్గర మొదలుపెట్టారు కాబట్టి అలా కనిపిస్తోంది. 1956 నుంచి మొదలుపెట్టండి. సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. 1957లో చెల్వనాయకం అనే తమిళ పెద్దమనిషి, తుపాకీ ఎప్పుడూ పట్టనివాడు, ప్రధాని బండారనాయకేతో ఒప్పందం చేసుకుంటే మరుసటేడు బౌద్ధ భిక్షువులు తన ఇంటి ముందు కూర్చున్నారని బండారనాయకే దాన్ని రద్దు చేసేశాడు. 1965లో ఇంకో పెద్ద సింహళ పార్టీ యూఎన్‌పీ నేత డడ్లీ సేనానాయకేతో ఇంకో ఒప్పందం, అదీ అంతే. 1977లో తమిళ మితవాదుల పార్టీ టీయూఎల్ఎఫ్ 18 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షం అయింది, అమృతలింగం ప్రతిపక్ష నేత అయ్యాడు. ఆ తర్వాత తమిళులకి దక్కిందేంటి? 1981లో జాఫ్నా లైబ్రరీ, దాదాపు 97 వేల పుస్తకాలు, తగలబెట్టారు. 1983 జులైలో కొలంబోలో ఓటర్ల లిస్టులు పట్టుకుని మరీ తమిళుల ఇళ్లు, కొట్లు వెతికి కాల్చారు, వెలికడ జైల్లో 53 మంది తమిళ ఖైదీల్ని చంపారు. ఆ వెంటనే, ఆగస్టులో, వేర్పాటువాదాన్ని వ్యతిరేకిస్తున్నామని ప్రమాణం చేస్తేనే ఎంపీలుగా ఉంటారని రాజ్యాంగ సవరణ తెచ్చి టీయూఎల్ఎఫ్ వాళ్లందర్నీ పార్లమెంటు బయట నిలబెట్టారు.

మితవాద నాయకులు చావకముందే వాళ్ల రాజకీయం చచ్చిపోయింది. చంపింది కొలంబో.

లలిత కె.:
శీను గారు చెప్పిన చరిత్రలో తప్పు లేదు, కానీ అది ఎవరి చేతికి తుపాకీ ఎందుకొచ్చిందో చెప్తుంది, ఆ తుపాకీ అమృతలింగం వైపు ఎందుకు తిరిగిందో చెప్పదు. పైగా ఆ మితవాదుల్ని మరీ అమాయకులుగా చూపించడం కూడా నాకు నచ్చదు. దురైయప్ప అప్పటి సింహళ అధికార పార్టీ శ్రీలంక ఫ్రీడమ్ పార్టీ మనిషి అని వేదికలెక్కి జాతిద్రోహి అని తిట్టింది ఆ తమిళ పార్టీల వాళ్లే. కాల్చిన కుర్రాళ్లని అప్పట్లో ఎవరూ గట్టిగా ఖండించలేదు. ద్రోహి అయితే చంపొచ్చు అన్నది ఒకసారి ఒప్పుకున్నాక, రేపు ద్రోహి ఎవరో తేల్చేది మీరు కాదు కదా.

1989 జులై 13. కొలంబోలో అమృతలింగం వాళ్లు ఉంటున్న ఇంటికి ముగ్గురు టైగర్ కుర్రాళ్లు మాట్లాడటానికి వచ్చారు. వాళ్లని తనిఖీ చేయొద్దని యోగేశ్వరనే గార్డులకి చెప్పాడట. అమృతలింగం, యోగేశ్వరన్ ఇద్దరూ పోయారు, పార్టీ అధ్యక్షుడు శివసితంబరం గాయాలతో బతికాడు. ఆ సమయంలో టైగర్లు ఎవరితో చర్చల్లో ఉన్నారో తెలుసా? అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వంతో! 1987 ఒప్పందంతో శ్రీలంకలో దిగిన ఇండియా సైన్యాన్ని పంపించెయ్యాలన్నది ఇద్దరి ఉమ్మడి కోరిక కాబట్టి ఆ ప్రభుత్వమే వాళ్లకి ఆయుధాలు కూడా ఇచ్చింది. సింహళ ప్రభుత్వంతో కూర్చుని మాట్లాడటం ద్రోహం అయితే ఆ నెల అందరికంటే పెద్ద ద్రోహులెవరు మరి?

రెండు నెలలకి సెప్టెంబర్ 21న రజనీ తిరణగమని కాల్చారు. జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ చెప్పే డాక్టరు, 35 ఏళ్లు, సైకిల్ మీద ఇంటికెళ్తోంది. ఇండియన్ ఆర్మీ చేసినవీ, టైగర్లు చేసినవీ, మిగతా గ్రూపులు చేసినవీ అన్నీ ఒకే వరసలో రాసి పెట్టింది, అదీ ఆవిడ నేరం. ఒకప్పుడు టైగర్ల గాయాలకి కట్లు కట్టిన మనిషి.

అడయార్ తెలుగోడు:
చెన్నైలో ఉంటాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. ఈ ఊళ్లో ఈళం గ్రూపులన్నిటికీ ఆఫీసులుండేవి, 83 తర్వాత జనం వాళ్లని ఇంట్లో మనుషుల్లా చూశారు, మన ప్రభుత్వమే ట్రైనింగ్ ఇచ్చింది. 1990 జూన్ 19న కోడంబాక్కంలో టైగర్లు, తమకి పోటీ ఈళం గ్రూపు ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభని, ఆయనతో ఉన్నవాళ్లని అపార్ట్‌మెంట్‌లోకి దూరి కాల్చేసి దర్జాగా వెళ్లిపోయారు. మరుసటేడు జనవరిలో కరుణానిధి ప్రభుత్వాన్ని కేంద్రం డిస్మిస్ చేయడానికి చెప్పిన కారణాల్లో టైగర్ల స్వేచ్ఛ ఒకటి. మే నెలలో రాజీవ్. ఏడాది తిరిగేసరికి, 1992 మేలో, ఎల్టీటీఈ మీద నిషేధం.

వ్యూహం వ్యూహం అంటారు. సముద్రం ఇవతల ఆరు కోట్ల మంది తమిళుల సానుభూతి ఉన్న ఒకే ఒక్క చోటుని పోగొట్టుకోవడం ఏ వ్యూహమో నాకు ఎవరైనా చెప్పాలి. 2006లో వాళ్ల సిద్ధాంతకర్త ఆంటన్ బాలసింగమే టీవీ ఇంటర్వ్యూలో విచారం వెలిబుచ్చాడు. పదిహేనేళ్లు పట్టింది ఆ ముక్క అనడానికి.

కుర్రకారు_నెల్లూరు:
యుద్ధం అన్నాక ఇవన్నీ మామూలే బ్రదర్. ఏ విప్లవంలో జరగలేదు చెప్పండి. మన తెలంగాణ ఉద్యమంలో కూడా

మోడరేటర్:
పై పోస్టులో సగం తీసేశాను. ఇందులోకి తెలంగాణని, ఆంధ్రని, కమ్మ రెడ్డి గొడవల్ని లాగొద్దు, ఇది మూడోసారి చెప్పడం. టాపిక్ మీద ఉండండి.

శ్రీకాకుళం శీను:
లలిత గారూ, అమృతలింగం హత్యని సమర్థించట్లేదు నేను. ప్రశ్న "మంచిదా చెడ్డదా" కాదు కదా, "దానివల్లే ఉద్యమం మునిగిందా" అన్నది. నీలన్ తిరుచెల్వం ఉదాహరణే తీసుకోండి. టీయూఎల్ఎఫ్ ఎంపీ, పెద్ద లాయరు, అధ్యక్షురాలు చంద్రిక ప్రభుత్వం కోసం 1995 నాటి అధికార వికేంద్రీకరణ ప్రతిపాదనలు తయారుచేయడంలో ఆయనది ముఖ్యమైన చేయి. 1999 జులై 29న కొలంబోలో ఆత్మాహుతి దాడిలో చంపారు. ఘోరమే. కానీ ఆ ప్రతిపాదనలు నీరుగారి నీరుగారి చివరికి 2000 ఆగస్టులో పార్లమెంటుకి వచ్చినప్పుడు ఏమైంది? ప్రతిపక్షంలో ఉన్న యూఎన్‌పీ ఎంపీలు సభలోనే ఆ ప్రతుల్ని తగలబెట్టారు. అక్కడ టైగర్లెవరూ లేరు. నీలన్ బతికి ఉంటే ఎంపీగా సభలో కూర్చుని ఆ మంట చూసేవాడు, అంతే తేడా.

ఇంకో సంగతి. ఈ థ్రెడ్‌లో అందరూ టైగర్ల లెక్కే తీస్తున్నారు. 2005 క్రిస్మస్ ముందు రాత్రి బట్టికలోవాలో చర్చిలో ప్రార్థన జరుగుతుంటే తమిళ ఎంపీ జోసెఫ్ పరరాజసింగంని కాల్చి చంపారు, భార్య పక్కనే ఉంది. అనుమానం టైగర్ల నుంచి చీలి ప్రభుత్వం వైపు తిరిగిన కరుణ వర్గం మీద. అరెస్టులయ్యాయి, 2021లో అందర్నీ వదిలేశారు. 2006 నవంబర్ 10న ఇంకో తమిళ ఎంపీ నడరాజా రవిరాజ్, పొద్దున టీవీలో మాట్లాడి ఇంటికొచ్చి మళ్లీ బయల్దేరుతుంటే కొలంబో రోడ్డు మీద కాల్చారు. నేవీ ఇంటెలిజెన్స్ వాళ్లతో సహా ఐదుగురి మీద కేసు నడిచి 2016 డిసెంబర్‌లో జ్యూరీ అందర్నీ నిర్దోషులంది. ఆ రవిరాజ్ కూడా జాఫ్నా మాజీ మేయరే, పాత పేపర్లు గారి లిస్టులో ఆ పేరెందుకు లేదో!

పాత పేపర్లు:
మీరు తెస్తారని ఆగాను :) నా వాదనకి ఆయన అడ్డం కాదు, ఇంకా బలం. ఆయన సింహళంలో ధారాళంగా మాట్లాడేవాడు, సింహళ టీవీల్లో కూర్చుని తమిళుల గోడు సింహళీయులకి వాళ్ల భాషలోనే చెప్పేవాడు. రెండు వైపులా తుపాకులున్న వాళ్లకి గిట్టనిది ఆ రకం మనిషే.

లలిత కె.:
సింహళ నాయకుల హత్యల సంగతి కూడా చూడండి, అవైనా పనిచేశాయా అని. ప్రేమదాసని 1993 మే డే ఊరేగింపులో చంపారు, చంపిన కుర్రాడు ఆయన ఇంటి పనివాళ్లతో ఎప్పట్నుంచో స్నేహం చేసుకుని ఉన్నాడు. ఆయుధాలిచ్చిన మనిషినే. 1994 అక్టోబర్‌లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న యూఎన్‌పీ నేత గామిని దిసానాయకేని ఎన్నికల సభలో 50 మందికి పైగా జనంతో పాటు లేపేశారు. ప్రత్యర్థి చంద్రిక 62 శాతంతో గెలిచింది, శాంతి చర్చలంటూ వచ్చింది. 1999 డిసెంబర్‌లో ఆమె మీదే బాంబు వేసి ఒక కన్ను పోగొట్టారు. ఎవరొచ్చినా చంపుతాం అన్నట్టుంటే అవతల కూర్చోవడానికి ఎవడొస్తాడు?

2005 ఆగస్టులో కదిర్గామర్. విదేశాంగ మంత్రి, ఆయనా తమిళుడే, ఇంట్లో ఈత కొట్టి బయటికి వస్తుంటే స్నైపర్ కాల్చాడు. కాల్పుల విరమణ అమల్లో ఉండగా! టైగర్ల మీద విదేశాల్లో నిషేధాలు పెట్టించడానికి ఆయన బతికుండగా తిరగని దేశం లేదు, పోయాక పది నెలలు తిరక్కుండా యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టింది. ఆయన చేయలేనిది ఆయన చావు చేసిపెట్టింది.

అడయార్ తెలుగోడు:
అదే ఏడాది నవంబర్‌లో ప్రెసిడెంట్ ఎన్నికలు. ఉత్తరాన టైగర్లు తమిళుల్ని ఓటెయ్యనివ్వలేదు. మహింద రాజపక్స గెలిచింది దాదాపు లక్షా 80 వేల ఓట్ల తేడాతో, ఆ ఓట్లు పడుంటే ప్రత్యర్థి రణిల్ గెలిచేవాడని ఇప్పటికీ అందరూ అనుకునేదే. ఏ మహింద? 2009 మేలో టైగర్లని, యుద్ధం ముగిసిన ముళ్లివాయ్‌క్కాల్ తీరం దాకా తరిమినవాడు.

శ్రీకాకుళం శీను:
సరే, ఓటింగ్ ఆపడం పెద్ద తప్పు, దాన్ని నేనూ సమర్థించను. కానీ నాకు ఒక్కటి చెప్పండి. సంపంతన్‌ని ఎవరూ చంపలేదు కదా. 2009 తర్వాత తమిళుల పెద్ద దిక్కు ఆయనే, వేర్పాటు మాట వదిలేశాడు, ఒకే దేశంలో సమాఖ్య చాలన్నాడు, 2015 నుంచి 2018 దాకా ప్రతిపక్ష నేతగా కూడా ఉన్నాడు. మీరు కోరుకున్న మితవాది అచ్చం అలాగే ఉన్నాడు. ఏం సాధించాడు? 1987 ఇండియా-శ్రీలంక ఒప్పందంతో వచ్చిన, రాష్ట్రాలకి అధికారాలిచ్చే 13వ రాజ్యాంగ సవరణలో రాసిన పోలీసు, భూమి అధికారాలే ఇంతవరకు ఇవ్వలేదు. ఉత్తర రాష్ట్ర కౌన్సిల్‌కి 2013 తర్వాత ఎన్నికలే లేవు. సైన్యం పట్టుకున్న భూములన్నీ తిరిగి రాలేదు. చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాస్తే దానికి ఇప్పటివరకు ఒక్క కోర్టూ లేదు. సంపంతన్ 2024లో పోయాడు, ఏమీ చూడకుండానే. మితవాదులుంటే ఏదో వచ్చేసేది అన్నది మన కోరిక మాత్రమే సార్.

పాత పేపర్లు:
సంపంతన్ ప్రతిపక్ష నేత అయ్యేసరికి 82 ఏళ్లు శీను. ఆ వయసు మనిషి ఒక్కడే మొత్తం మోయాల్సి రావడం నా వాదనలోనే ఉంది. పోయినప్పుడు నీలన్‌కి 55. అమృతలింగంకి 61. రవిరాజ్‌కి 44. వీళ్లు, వీళ్ల దగ్గర రాజకీయం నేర్చుకోవాల్సిన ఇంకో తరం, మొత్తం లేదక్కడ. పైగా 2001 తర్వాత సంపంతన్ పార్టీ కూడా తమిళులకి టైగర్లే ఏకైక ప్రతినిధులు అని ఒప్పుకోవాల్సొచ్చింది, ఒప్పుకోకపోతే ఏమవుతుందో పదేళ్లుగా చూస్తున్నారు కదా. ఆ ముద్రతో 2009 తర్వాత వెళ్లి మాట్లాడితే కొలంబోలో ఎవడు నమ్ముతాడు?

శ్రీకాకుళం శీను:
కొలంబో చెల్వనాయకాన్ని నమ్మిందా? ఆయన మీద ఏ ముద్రా లేదే.

లలిత కె.:
ఇద్దరూ ఒకే చోట తిరుగుతున్నారు. కొలంబో ఇవ్వలేదన్నది నిజమే. ఇవ్వని వాళ్ల చేత ఇప్పించడానికి ఢిల్లీ, లండన్, మధ్యవర్తిత్వం చేసిన నార్వే రాజధాని ఓస్లో కావాలి, అక్కడ వినిపించే గొంతులు నీలన్ లాంటివి, కదిర్గామర్ తెలివితేటలు అవతలి పక్షాన ఉన్నప్పుడు ఇవతల అంతటివాడు ఒకడుండాలి కదా. 2009 ఏప్రిల్‌లో ఆ చిన్న ఇసుక ముక్కలో లక్షమందికి పైగా జనం ఇరుక్కుని ఉంటే వాళ్ల తరఫున కాల్పులు ఆపమని అడగడానికి, ఇటు టైగర్లని జనాన్ని వదలమని అడగడానికి, రెండు వైపులా పరపతి ఉన్న తమిళ నాయకుడు ఒక్కడు లేడు. జనం బయటికి పోకుండా టైగర్లే కాల్చారు, లోపల ఉన్నవాళ్ల మీద సైన్యం గుండ్లు వేసింది. శీను గారూ, ఈ ఒక్క నెల గురించి చెప్పండి, చెల్వనాయకం రోజుల గురించి కాదు.

శ్రీకాకుళం శీను:
ఆ నెల గురించి నా దగ్గర వాదన లేదు. కానీ అప్పుడు ఢిల్లీలో ఎన్నికలు నడుస్తున్నాయి లలిత గారూ, నీలన్ ఫోన్ చేసినా ఎత్తేవాళ్లా అన్నది మీరూ ఆలోచించండి.