ఈనగాచి నక్కలపాలు: ఇందులో ‘పాలు’ ఏ పాలు?

మొన్న మన గ్రూపులో ఒక పోస్టు కింద ఈ సామెతను “ఈనగా చూసి నక్కలకు పాలు పోసినట్టు” అని రాశారు. చదివిన వాళ్లలో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. రాసినవారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఇంట్లో గొడ్లు లేని వాళ్లకు ఆ మాటల వెనక ఉన్న పని కనిపించదు. ఆ పనిని పోయిన మార్గశిరంలో కొండపి దగ్గర మా ఊళ్లో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

అసలు సామెత “ఈనగాచి నక్కలపాలు చేసినట్టు”.

ముందు ‘పాలు’ సంగతి. ఆవు ఈనడం గురించిన సామెత కాబట్టి తాగే పాలే గుర్తొస్తాయి. పైగా “పాముకు పాలు పోసినట్టు” అనే మాట నోట్లో నానుతూ ఉంటుంది. ఇక్కడ పాలు అంటే వాటా. అప్పులపాలయ్యాడు, మంటలపాలైంది, నవ్వులపాలు చేశారు అంటాం కదా, ఆ పాలే ఇది. నక్కలపాలైంది దూడ.

ఇక ‘ఈనగాచి’. దీన్ని “ఈనగా” అని విడదీస్తే చివర ‘చి’ దిక్కులేకుండా మిగిలిపోతుంది. అందుకే కాబోలు దాన్ని ‘చూసి’ చేసేశారు. నిజానికి ఇది ఈనన్ + కాచి. ద్రుతం (మాట చివరి ‘న్’) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి ‘కాచి’ కాస్తా ‘గాచి’ అయింది. చెప్పన్ + తలచి చెప్పదలచి అయినట్టు, రాన్ + కలడు రాగలడు అయినట్టు. కాచి అంటే కావలి కాసి. చేను కాయడం, గొడ్లు కాయడంలో ఉన్న కాయడమే. ఆవు ఈనేదాకా కావలి ఉండి, తీరా ఈనిన దూడను నక్కలకు వదిలేశారని అర్థం.

మా ఆవు ఒంగోలు జాతిది, మూడో ఈత. (ఈ జాతినే బ్రెజిల్‌లో ‘నెలోర్’ అంటారు, మన నెల్లూరు పేరుతోనే.) చూడి కట్టడానికి సూది వేయించిన తేదీ నాయన గోడ మీద రాసి పెట్టుకున్నాడు. ఆవుకు 280 రోజులు అటూ ఇటూగా నిండుతాయి. 278వ రోజుకే తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి, చన్నులు నిండాయి. ఈనమోపుగా (ఈనే వేళ దగ్గరపడి) ఉందని సావిట్లో, అంటే గొడ్ల కొట్టంలో, మంచం వేసుకున్నాడు. సందెవేళ నొప్పులు మొదలయ్యాయి. పడుకుంటుంది, లేస్తుంది, వెనక్కి తిరిగి డొక్క చూసుకుంటుంది. ఎనిమిదింటికి ఉమ్మనీరు పోయింది. కాసేపటికి రెండు గిట్టలు కనపడ్డాయి. అరగంట గడిచినా వాటి మీద మూతి మాత్రం కనపడలేదు.

సవ్యంగా వచ్చే దూడ ముందరి కాళ్లు రెండూ చాచి, వాటి మీద తల ఆనించుకుని వస్తుంది. గిట్టల అడుగుభాగం కిందికి చూస్తూ ఉంటే సాధారణంగా ముందరి కాళ్లు, పైకి చూస్తూ ఉంటే వెనక కాళ్లు. ఇవి కిందికే ఉన్నాయి. నాయన మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, నూనె రాసుకుని లోపల తడిమి చూశాడు. మోకాళ్లు తగిలాయి, మెడ తగిలింది. తల మాత్రం పక్కకు మళ్లిపోయి ఉంది. పక్కింటి వాళ్లు తాడు తెచ్చి, నలుగురం పట్టి లాగుదాం అన్నారు. అప్పుడు మంచం మీద నుంచి నాయనమ్మ గట్టిగా అరిచింది: “లాగబాకండ్రా! మెడ యాడుందో చూసుకోకుండా లాగితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు!”

డాక్టరు గారు బండి మీద వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. ఫోన్లో ఆయన చెప్పిందీ అదే, లాగొద్దని. రాగానే రెండు కాళ్లకూ గిట్టల పైన మెత్తటి నూలు తాళ్లు కట్టారు. నొప్పి ఆగినప్పుడల్లా దూడను లోపలికే నెట్టి చోటు చేసుకున్నారు. పళ్లు తల్లికి గీసుకోకుండా మూతిని అరచేత్తో కప్పి, తలను మెల్లగా ఇటు తిప్పారు. అది అయ్యాకే మమ్మల్ని తాళ్లు పట్టుకోమన్నారు. ఆవు ముక్కినప్పుడే లాగాలి, అది ఆపితే ఆపాలి. తల బయటికి వచ్చాక తిన్నగా కాదు, ఆవు వెనక కాళ్ల వైపు కిందికి లాగాలి. దూడ బయటపడి కదల్లేదు. ముక్కులో, నోట్లో జిగురు తీసేసి, గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెట్టారు. తుమ్మింది. ఆ తుమ్ము వినగానే నాయన ఏడ్చేశాడు.

అందరం చేతులు కడుక్కోవడానికి బయల్దేరితే నాయనమ్మ కదలనివ్వలేదు. “ఇంక గాయాల్సింది ఇప్పుడేరా, మాయ పడలా.” మాయ అంటే దూడ వెనకే తల్లి కడుపులోంచి పడే పొర. తన చిన్నప్పుడు ఉదయగిరి కొండ కింద పొలంలోనే ఈనిన ఆవు గురించి అప్పుడు చెప్పింది. రాత్రంతా మేలుకుని ఉన్న మనిషి, దూడ పుట్టిందిలే అని అలసిపోయి కన్ను మూశాడట. నెత్తురు వాసనకు నక్కలు వచ్చాయి. దూడకు ఇంకా కాళ్లు నిలవలేదు. తెల్లారి చూస్తే తల్లి ఒక్కటే అరుస్తూ ఉందట.

అప్పటిదాకా నేను నక్కలు ఈనే వేళకు వస్తాయేమో అనుకునేవాణ్ణి. కాదు. కష్టమంతా అయిపోయాక వస్తాయి. అందుకే సామెత ‘కాచి’ అంటుంది. ఈనేదాకా కాయడంలో లోపం లేదు, అది పూర్తయింది. పోయింది ఆ తర్వాత. ‘చూసి’ అని రాస్తే రాత్రంతా కాసిన ఆ మనిషి సామెతలో నుంచి మాయమైపోతాడు.

ఇంకొక్క మాట. నాయనమ్మ అరిచిన ‘లాగబాకండ్రా’ను పట్నంలో మోటు మాట అంటారు. లాగన్ + పోకు, లాగఁబోకు, మన నోళ్లలో లాగబాకు. ‘ఈనగాచి’లో క గ అయినట్టే ఇక్కడ ప బ అయింది. సూత్రం ఒక్కటే. మన ప్రకాశం, నెల్లూరు వాళ్లు చెయ్యబాక, పోబాక అన్నప్పుడల్లా ఆ వ్యాకరణాన్ని బతికిస్తున్నారని నేను గట్టిగా నమ్ముతాను.

కోవూరు సభ్యురాలు: చాలా బాగా రాశారన్నా. మా వైపు వరి కూడా ఈనుతుంది. “పొట్ట మీదుంది, వారంలో ఈనుతుంది” అంటాడు మా మామయ్య. ఇదీ అదే మాటేనా?

జవాబు: అదే అమ్మా. పొట్టలో ఉన్న వెన్ను (కంకి) బయటికి రావడం ఈనడమే, ఆ దశే ఈనిక. జనం విపరీతంగా వస్తే “నేల ఈనినట్టు” అనేదీ ఇదే. అయితే సంతలో “ఎన్నో ఈత?” అని అడిగే ఈత వేరు, చెరువులో కొట్టే ఈత వేరు. మొదటిది ఈను నుంచి, రెండోది ఈదు నుంచి. ఈతచెట్టు మూడోది.

ఒక సభ్యుడు: అన్నీ సరే గానీ ‘ఈనింది’ కొంచెం మొరటుగా లేదా? ప్రసవించింది అంటే మర్యాదగా ఉంటుంది కదండీ.

జవాబు: మనుషులకు వాడితే తెలుగులో అది తిట్టే, ఒప్పుకుంటాను. పశువు విషయంలో మాత్రం దీన్ని మించిన మర్యాద మాట లేదండీ. చూడి, ఈనమోపు, ఈత, నెలలు నిండకుండా పోతే ఈచుకుపోవడం... ఒక్కో దశకు ఒక్కో పేరు పెట్టుకున్నారంటే ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! ‘ప్రసవం’ ఒక్కటే పెట్టుకుంటే ఇవన్నీ పోతాయి.

చెన్నైలో ఉంటున్న నెల్లూరు సభ్యుడు: తమిళంలో ఇది తల్లికే వాడతారు సార్. తిరుక్కురళ్‌లో 69వది ‘ఈన్ఱ’ అనే మొదలవుతుంది. కొడుకు యోగ్యుడని విన్న తల్లి, కన్ననాటి కంటే ఎక్కువ సంతోషిస్తుందని దాని భావం.

జవాబు: మంచి మాట గుర్తు చేశారు. పైన మొరటు అన్నవారు ఇది తప్పక చూడాలి.

పశువైద్య విద్యార్థిని: అంకుల్, మాయ ఎప్పుడు పడింది? 12 గంటలు దాటితే డాక్టరుకు చూపించాలి. చేత్తో లాగకూడదు, బరువులు కట్టకూడదు.

జవాబు: తెల్లవారుజామున అయిదింటికి పడింది తల్లీ. నాయన గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కట్టి వచ్చాడు, మా ఊళ్లో అదే ఆనవాయితీ. ముర్రుపాలు గంట లోపే తాగించాం.

కోవూరు సభ్యురాలు: పెయ్యా, కోడెదూడా అన్నా?

జవాబు: పెయ్య. మెడ ఇంకా కొంచెం ఎడమకే వాలుస్తుంది.