క్వారీ దుమ్ములో తిరిగే డీజిల్ బండికి ఏ ఎయిర్ ఫిల్టర్ వాడాలి?

అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. మా డీజిల్ పికప్ రోజూ చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలోనే తిరుగుతుంది. టిప్పర్ వెనక పడ్డామా, ఎదురుగా ఏమీ కనపడదు. కంపెనీ చెప్పిన కిలోమీటర్లదాకా పేపర్ ఫిల్టర్ ఆగట్లేదు. ముందే మూసుకుపోయి బండి లాగట్లేదు, లోడుతో ఎత్తు ఎక్కితే నల్లపొగ.

మా మెకానిక్ కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి అదే మళ్లీ బిగిస్తాడు. అలా కొడితే కాగితం మడతల్లో సన్న చిల్లులు పడతాయని, కొడితే లోపల్నుంచి బయటికి, అదీ తక్కువ ప్రెషర్‌తో కొట్టాలని ఇంకొకాయన అంటాడు. ఈయన మాటే సబబుగా ఉంది.

అసలు టెన్షన్ వేరే. మొన్న ఫిల్టర్ నుంచి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) వెళ్లే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలితో రుద్దితే బూడిదరంగు పొడి అంటింది. అంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోతున్నట్టే కదా? టార్చి వేసి చూస్తే ఫిల్టర్‌లో చిల్లేమీ కనపడలేదు. అంచు రబ్బరు సరిగ్గా కూర్చోలేదా, క్లాంపు లూజా? ఎలా కనిపెట్టాలి?

ఇంకోటి, కడిగి నూనె పట్టించే కాటన్ ఫిల్టర్లు ఇంత దుమ్ముకి ఆగుతాయా? ఆ నూనె, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి అంటుకోదా? సగం ధరకి దొరికే లోకల్ ఫిల్టర్ వాడినవాళ్లు ఉంటే అదీ చెప్పండి.