షూటర్ గేమ్‌లో విల్లు: బాణానికి అసలు వేగమే ఇవ్వాలా, పెంచాలా?

అల్లెతాడు:
ఫస్ట్ పర్సన్ మల్టీప్లేయర్ షూటర్. క్యారెక్టర్లు సెకనుకు 6 మీటర్లు పరిగెడతాయి, పోరు ఎక్కువగా 15 నుంచి 50 మీటర్ల మధ్య జరుగుతుంది. ఇందులో రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంపు తిరిగినది) పెట్టాలి. బాణానికి నిజంగా ఉండే వేగమే ఇవ్వాలని నా వాదన, అంటే సుమారు 55 మీ/సె. తుపాకులకు పెట్టే ర్యాండమ్ స్ప్రెడ్, అంటే గురి చుట్టూ యాదృచ్ఛికంగా చెదరడం, అసలు వద్దు. వేగాన్ని 120కో 150కో పెంచేస్తే అది విల్లు వేషం కట్టిన స్నైపర్ రైఫిలే. 55 దగ్గర, 50 మీటర్లు పోయేసరికి బాణం వదిలిన గీత కంటే 4 మీటర్లు కిందికి జారుతుంది. ఆ జారుడును కంటితో కొలవడంలోనే ఉంది మజా అంతా. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

టిక్‌రేట్:
కాదంటాను. నాకు పేచీ జారుడుతో కాదు, సమయంతో. గాలి సంగతి పక్కన పెట్టినా 40 మీటర్లకు ఆ బాణం 0.73 సెకన్లు తీసుకుంటుంది. అడ్డంగా పరిగెత్తేవాడికి 4.4 మీటర్లు ముందు గురిపెట్టాలి. 900 మీ/సె రైఫిల్ గుండుకైతే అదే దూరంలో 27 సెంటీమీటర్లు చాలు. షూటర్లలో ముప్పావు సెకను ఒకే దిక్కుకు పరిగెత్తేవాడు ఎవడండీ? ఎడమా కుడీ నొక్కుతూనే ఉంటాడు. మీరు నేర్పు అంటున్నది ఆ దూరంలో జూదం.

పైగా నారి మోత ఉంది. శబ్దం 40 మీటర్లను 0.12 సెకన్లలో దాటుతుంది. బాణం రావడానికి ఇంకా 0.6 సెకన్లు ఉంటుంది. వేటలో నారి చప్పుడుకే జింక ఉలిక్కిపడి కుంగడం, బాణం దాని వీపు మీదుగా పోవడం విలుకాళ్లకు తెలిసిందే. మీ ఆటగాళ్లు జింక కంటే తెలివైనవాళ్లే కదా.

ములికి:
మీ ఇద్దరూ పూర్తిగా లాగిన బాణం గురించే మాట్లాడుతున్నారు. చాలా గేముల్లో అసలు లోపం సగం లాగిన బాణం దగ్గర ఉంటుంది.

మామూలు రికర్వ్ దాదాపు స్ప్రింగ్ లాంటిదే. ఎంత లాగితే బలం అంత పెరుగుతుంది, దాచుకునే శక్తి మాత్రం లాగిన దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 పౌండ్ల విల్లు అంటే పూర్తిగా లాగి పట్టడానికి 178 న్యూటన్ల బలం కావాలి. నారి కదిలే దూరం అర మీటరు అనుకుంటే శక్తి సుమారు 44 జౌళ్లు. అందులో 70 శాతం బాణానికి చేరితే 31 జౌళ్లు. 25 గ్రాముల బాణం దాంతో సుమారు 50 మీ/సె అందుకుంటుంది. అల్లెతాడు గారి 55 కావాలంటే లాగడానికి ఇంకొంచెం బలం అడిగే విల్లు చాలు. కప్పీలుండే కాంపౌండ్ విల్లు లెక్క వేరు, దాన్ని ఇందులోకి లాగొద్దు.

ఇప్పుడు సగమే లాగితే వేగం సగం, శక్తి పావు. డ్యామేజీని వేగం వర్గం నుంచి లెక్కకట్టి, దాన్ని మళ్లీ ఛార్జ్ శాతంతో (ఎంత మేర లాగారన్నది) గుణించేవాళ్లు ఉన్నారు. అప్పుడు సగం లాగిన దెబ్బ ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఆటగాడు సగం లాగడమే మానేస్తాడు. ఏదో ఒకదాంతోనే గుణించండి.

టిక్‌రేట్:
ఒప్పుకుంటాను. మొదటి ప్రశ్నకు మధ్యేమార్గం ఒకటుంది. బాణం గీసే వంపు ఆకారం వేగం మీదా గురుత్వం మీదా విడివిడిగా ఆధారపడదు, గురుత్వాన్ని వేగం వర్గంతో భాగిస్తే వచ్చేదాని మీద ఆధారపడుతుంది. వేగాన్ని 1.6 రెట్లు చేసి, బాణానికి మాత్రమే గురుత్వాన్ని 2.56 రెట్లు చేయండి. వేగం 88, గురుత్వం 25.1. వంపు అచ్చం అదే, 50 మీటర్లకు జారుడు అదే 4 మీటర్లు. 40 మీటర్లకు పట్టే సమయం మాత్రం 0.45 సెకన్లకు దిగుతుంది. గాలి నిరోధాన్ని వేగం వర్గానికి గుణకంగా పెట్టి ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఆ గుణకం మీటరుకు 0.002 అయితే ఏ వేగంలోనైనా 50 మీటర్లకు అందులో దాదాపు పదో వంతు పోతుంది.

రెండు జాగ్రత్తలు. డ్యామేజీ లెక్కకు ముందు వేగాన్ని 1.6తో భాగించాలి. గోడకు తగిలి ఎగిరిపడిన బాణానికి మామూలు గురుత్వం తిరిగి ఇచ్చేయాలి, లేకపోతే ఇనపకడ్డీ పడ్డట్టు నేలకు కరుచుకుంటుంది.

అల్లెతాడు:
లెక్క బాగుంది, కానీ నెట్‌వర్క్ దగ్గర ఇది ఎదురు తిరుగుతుంది. పింగ్ (సర్వర్‌కు సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) 100 మిల్లీసెకన్లు అయితే ఒక వైపుకు 50. షూటర్ తన తెరమీద వదిలిన క్షణానికి సరిపడేలా సర్వర్ ఆ బాణాన్ని పుట్టిన వెంటనే 50 మిల్లీసెకన్లు ముందుకు నడపాలి. 55 మీ/సె దగ్గర అది 2.75 మీటర్లు, 88 దగ్గర 4.4. ఎదుటివాడి కంటికి బాణం విల్లు నుంచి కాక గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటుంది. దగ్గరి పోరులో వాడు తిట్టిపోస్తాడు.

టిక్‌రేట్:
ముందుకు నడిపే సమయానికి 100 మిల్లీసెకన్ల హద్దు పెట్టండి. ఆ నడకలో కూడా అడుగడుగునా ఢీ చూసుకోవాలి, ఒక్కసారిగా జరిపేయకూడదు. అంతకంటే పెద్ద పింగ్ ఉన్నవాడి బాధ వాడే పడాలి.

గురిగీత:
వేగం ఎంతన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు బాణం గోడల్లోంచి దూరిపోకుండా చూడండి. సెకనుకు 60 టిక్కుల (సర్వర్ లెక్క వేసే అడుగుల) దగ్గర 55 మీ/సె బాణం టిక్కుకు 92 సెంటీమీటర్లు దూకుతుంది. మనిషి ఛాతీ మందం 25 కూడా ఉండదు. అందుకే బాణం మొన పాత స్థానం నుంచి కొత్త స్థానానికి ప్రతి టిక్కుకూ ఒక రే (దారిలో ఏదైనా తగులుతుందో చూసే గీత) వేయాలి. యూనిటీ ఇంజిన్‌లో రిజిడ్‌బాడీ (ఇంజిన్ ఫిజిక్సే కదిపే వస్తువు) వాడితే కంటిన్యువస్ డైనమిక్ మోడ్ పెట్టుకోవచ్చు. కానీ బాణానికి రిజిడ్‌బాడీ ఎందుకో నాకు అర్థం కాదు. మనమే నాలుగు లైన్లలో నడుపుకోవచ్చు.

ఆ నాలుగు లైన్లలోనూ ఒక తిరకాసు ఉంది. వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరిపితే 60 టిక్కుల దగ్గర 50 మీటర్లకు 7 సెంటీమీటర్లు ఎక్కువ జారుతుంది, 30 దగ్గర 15. టిక్ రేటు మారితే నుదుటికి పెట్టిన గురి గడ్డానికి తగులుతుందన్నమాట. స్థానానికి పాత వేగం × సమయంతో పాటు గురుత్వం × సమయం వర్గంలో సగాన్ని కలపండి. లెక్క సరిపోతుంది.

గుచ్చుకున్న బాణాన్ని ఎముకకు అతికించేటప్పుడు, ఆ ఎముక స్కేల్ మూడు అక్షాల్లోనూ సమానంగా లేకపోతే బాణం వంకరపోతుంది. దాని కొలైడర్‌ను (ఢీకొనే హద్దును) అప్పుడే ఆపేయాలి, లేకుంటే తర్వాతి బాణం దానికే తగిలి ఆగిపోతుంది.

అల్లెతాడు గారూ, క్రాస్‌హెయిర్ (తెర మధ్య గురి గుర్తు) ఉంచుతున్నారా? విల్లుకు సైట్ (గురి చూసే పరికరం) లేని విలుకాళ్లలో చాలామంది బాణం మొననే, అంటే ములికినే, గుర్తుగా వాడతారు. ఒక దూరంలో ములికి లక్ష్యం మీదే ఉంటుంది, అంతకంటే దగ్గరైతే ములికిని లక్ష్యానికి కింద ఉంచుతారు. దీన్ని గేమ్‌లోకి తెస్తే చక్కగా ఉంటుంది. ఒక్క చిక్కు ఉంది. చేతుల మోడల్‌ను 60 డిగ్రీల ఎఫ్ఓవీతో (కెమెరా చూపు వెడల్పుతో), ప్రపంచాన్ని 95తో గీస్తారు. తెరమీద ములికి చూపే దిక్కు, ప్రపంచంలో బాణం పోయే దిక్కు వేరవుతాయి. ములికి స్థానాన్ని ప్రపంచం ఎఫ్ఓవీలోనే లెక్కకట్టి, చేతుల మోడల్‌ను దానికి సరిపడేలా తిప్పాలి.

అల్లెతాడు:
క్రాస్‌హెయిర్ తీసేస్తున్నాను. మరి స్ప్రెడ్ లేకుండా అలసటను ఎలా చూపాలి?

ములికి:
చెయ్యి వణికించడం అందరూ చేసేదే, అది కెమెరా ఊపు మాత్రమే. అలసిన విలుకాడి నారి లాగిన చెయ్యి తెలియకుండానే ముందుకు జారుతుంది. 4 సెకన్లు దాటాక నారిని మెల్లగా వదులు చేయండి. అర మీటరులో 2.5 సెంటీమీటర్లు జారితే వేగం 5 శాతం తగ్గుతుంది, 50 మీటర్లకు జారుడు 40 సెంటీమీటర్ల పైన పెరుగుతుంది. గుండెకు పెట్టింది పొట్టకు తగులుతుంది. ములికి విల్లు పట్టు దాటి ముందుకు పాకడం తెరమీదే కనబడుతుంది కాబట్టి, తప్పు ఎక్కడ జరిగిందో ఆటగాడికి తెలుస్తుంది. పాచికలు వేసే పని లేదు. బాణం వదలకుండా దించుకోవడానికి వేరే బటన్ ఇవ్వడం మాత్రం మరవొద్దు.

అల్లెతాడు:
ఇది తీసుకుంటాను. వేగానికి 1.6 మాత్రం ఎక్కువ. 1.3 రెట్ల దాకా దిగుతాను: 71.5 మీ/సె, గురుత్వం 16.6. 40 మీటర్లకు 0.56 సెకన్లు.

టిక్‌రేట్:
0.56 అంటే ఇంకా 3.4 మీటర్ల ముందు గురే. మాటలతో తేలదు. ప్లేటెస్టులో తప్పిన ప్రతి బాణం లక్ష్యానికి ఎటు పోయిందో లాగ్ చేయండి. పరిగెత్తేవాడి వెనకో ముందో పోయినవి ఎక్కువైతే సమయం తగ్గించాలి, నా 1.6 వైపు రండి. తల మీదుగానో కాళ్ల కిందనో పోయినవి ఎక్కువైతే దూరం కొలవడానికి మీ మ్యాప్‌లో ఆనవాళ్లు చాలట్లేదు, వేగాన్ని ముట్టుకోకండి.