అట్రాసిటీ కేసులో బాధిత కుటుంబానికి ఒక చిన్న సంఘం ఎంతవరకు తోడుండగలదు?

ప్రశ్న (ఒక గ్రంథాలయ సంఘం సభ్యుడు):

మాది తొమ్మిది మందితో నడిచే చిన్న సంఘం. సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పడం, ఒక గదిలో గ్రంథాలయం నడపడం, ఇన్నాళ్లూ మేము చేసిన పని ఇంతే. రెండు నెలల క్రితం మా దగ్గర చదువుకుని వెళ్లిన ఒక దళిత యువకుణ్ణి, పెద్దవీధిలో బండి దిగకుండా వెళ్లాడన్న కోపంతో నలుగురు కలిసి కొట్టి, కులం పేరు పెట్టి తిట్టారు. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు నమోదైంది. వారం తిరగకముందే ఎదుటి పక్షం ఆ అబ్బాయి మీద కౌంటర్ కేసు పెట్టింది. ఇప్పుడు పెద్దమనుషులు రాజీ చేసుకోమని రోజూ ఇంటికి వస్తున్నారు.

మా సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కేసు పోలీసులు, లాయర్లు చూసుకునే వ్యవహారం కాబట్టి మనం కుల వివక్షపై అవగాహన సదస్సులు పెడితే చాలని కొందరు అంటున్నారు. ఆ కుటుంబాన్ని ఒంటరిగా వదిలేసి సదస్సులు పెట్టడానికి మొహం చెల్లదని మిగిలినవారు అంటున్నారు. మొన్న ఆ అబ్బాయి తల్లి నన్ను ఒక మాట అడిగింది. "ఎవరొచ్చినా మొదటినుంచి చెప్పమంటారు. ఇప్పటికి పదకొండుసార్లు చెప్పాను. ఇంకెంతమందికి చెప్పాలి బాబూ?" నా దగ్గర జవాబు లేకపోయింది. చట్టం తెలియని మాబోటివాళ్లు నిజంగా చేయగలిగినదేమిటో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (పారా లీగల్ వాలంటీరు):

ఇది మీకు సంబంధం లేని వ్యవహారమన్న వాదనకు చట్టమే సమాధానం చెప్పింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అప్పుడు చేరిన 15ఏ సెక్షన్‌లోని పన్నెండో ఉపవిభాగం, స్వచ్ఛంద సంస్థల నుంచీ సామాజిక కార్యకర్తల నుంచీ న్యాయవాదుల నుంచీ సాయం తీసుకోవడం బాధితుల హక్కని సూటిగా చెబుతుంది. కాబట్టి మీరు ఆ కుటుంబం వెంట కార్యాలయాలకు వెళ్లినప్పుడు "మీరెవరు?" అని ఎవరైనా అడిగితే, గొంతు పెంచకుండా ఆ సెక్షన్ ప్రతి చూపిస్తే సరిపోతుంది.

ఇక గడువుల సంగతి. ఈ కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. మీరు రెండు నెలలైందంటున్నారు కాబట్టి, చార్జిషీటు దాఖలైందో లేదో అడుగుతూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా పదిసార్లు అడిగినదానికి ఫైలులో జాడ ఉండదు. నిందితులు బెయిలు కోరినప్పుడు బాధితుడికి ముందుగా కబురు అందాలి, అతని మాట కోర్టు వినాలి. ఇవి తప్పనిసరి నిబంధనలేనని 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. అయినా కబురు అందనే అందదు, లేదా వాయిదా నాటి ఉదయం అందుతుంది. అందుకే మీలో ఒకరు కోర్టు వాయిదాల జాబితాను చూస్తూ ఉండడం అవసరం.

పరిహారం విషయంలో చాలా కుటుంబాలు మోసపోయేది తెలియకపోవడం వల్లనే. 2016లో సవరించిన పట్టిక ప్రకారం నేరాన్ని బట్టి అది 85 వేల నుంచి 8.25 లక్షల రూపాయల వరకు ఉంటుంది. మీ వంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ నాడు కొంత, చార్జిషీటు నాడు కొంత, శిక్ష పడ్డాక మిగిలినది ఇస్తారు. తీర్పు వచ్చేదాకా ఆగాలని ఎవరైనా అంటే నమ్మకండి. తక్షణ సహాయం ఏడు రోజుల్లో అందాలని నియమాలే చెబుతున్నాయి. బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ పత్రం సిద్ధంగా లేక ఆగిపోయిన ఫైళ్లు నేను లెక్కలేనన్ని చూశాను.

మరొక్క సంగతి. కులం పేరుతో దూషించిన నేరం నిలబడాలంటే అది పదిమంది కంటపడే చోట జరిగి ఉండాలి. వీధిలో జరిగింది కాబట్టి ఆ మాటలు విన్నవారెవరో వాంగ్మూలాల్లో నమోదైందా అన్నది న్యాయవాది చేత చూపించండి.

జవాబు (సామాజిక కార్యకర్త):

పై మిత్రులు చెప్పిన చట్టమంతా నిజమే కాని, నాకు ఆ తల్లి అడిగిన మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మన పని అక్కడినుంచే మొదలుకావాలి. మీలో ఒక్కరే, వీలైతే ఒక మహిళ, ఆ ఇంటి తరఫున మాట్లాడే మనిషిగా ఉండాలి. కొత్తగా వచ్చే ప్రతి విలేకరీ, ప్రతి నాయకుడూ మొదట ఆ మనిషితో మాట్లాడాలి. ఆ తల్లికి ఇష్టం లేని రోజున "ఇవాళ వద్దండీ" అని చెప్పే బాధ్యత ఆ మనిషిదే.

ఇక్కడ మా సంఘం చేసిన తప్పు చెప్పుకోవాలి. మొదటి కేసులో మేము ఉత్సాహం కొద్దీ బాధితుడి కథను మా మాటల్లో, కాస్త పదును పెట్టి, వినతిపత్రంగా రాసి పంచాము. రెండేళ్ల తర్వాత నిందితుల తరఫు న్యాయవాది అదే కాగితాన్ని కోర్టులో చదివి, వాంగ్మూలానికీ దానికీ ఉన్న తేడాలను ఒక్కొక్కటే ఎత్తి చూపాడు. కర్రతో కొట్టారని స్టేషన్లో ఉంటే, మా కాగితంలో కర్రలతో అని ఉంది. ఆ ఒక్క అక్షరానికి ఆ అబ్బాయి బోనులో అరగంట చెమటలు కక్కాడు. అప్పటినుంచి మేము కథ రాయడం మానేశాము. కాగితాలను మాత్రం తేదీల వారీగా రెండు ప్రతులు చేసి, ఒకటి ప్లాస్టిక్ కవరులో వాళ్లింట్లో, మరొకటి మా దగ్గర ఉంచుతున్నాము.

రాజీ గురించి మీరు నిర్ణయం చెప్పకండి. ఈ చట్టం కింద కేసు ఊళ్లో కాగితం రాసుకున్నంత మాత్రాన పోదన్న నిజాన్ని మాత్రం వారికి తెలియజేయండి. చాలామంది రాజీకి ఒప్పుకునేది భయంతో మాత్రమే కాదు, వాయిదాకు పోయిన ప్రతిరోజూ కూలి పోవడం వల్ల కూడా. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులతో పాటు వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలని 1995 నాటి నియమాలు చెబుతున్నాయి. అడిగినవారికే అది వస్తోంది.

జవాబు (ఉపాధ్యాయుడు):

సదస్సుల విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. కేసు వేడిగా ఉన్నప్పుడు పెట్టే సదస్సుకు వచ్చేది మనమాట ముందే ఒప్పుకున్నవారే. పక్షపాతం అక్కడ ఉండదు, "కొట్టడం తప్పే, కాని కుర్రాడికీ పొగరెక్కువట" అనే మంచివాళ్ల మాటలో ఉంటుంది. ఆ మాట టీ కొట్టు దగ్గరా, స్టాఫ్ రూములోనూ వినిపించినప్పుడు "ఎవరు ఏ వీధిలో బండి దిగాలో ఎవరు నిర్ణయించారండీ?" అని అక్కడికక్కడే అడగడం సదస్సు కంటే కష్టమైన పని. మన రాష్ట్రాల్లో నెలాఖరున గ్రామాల్లో జరిపే పౌరహక్కుల దినానికి రెవెన్యూ, పోలీసు అధికారులు వస్తారు. అది ఫొటోల కార్యక్రమంగా ముగిసిపోకుండా, ఏ కొట్లో దళితులకు వేరే గ్లాసు పెడుతున్నారో, ఏ దారిలో అడ్డు చెబుతున్నారో అక్కడ పేరుతో చెప్పి మినిట్స్‌లో రాయించండి.

ఓపిక విషయంలో మాత్రం ముందే సిద్ధపడండి. 1991 ఆగస్టు 6న జరిగిన చుండూరు దళితుల హత్యాకాండలో, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నా, కింది కోర్టు తీర్పు 2007లో గాని రాలేదు. అందులో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. తీర్పు ఏమవుతుందో మన చేతుల్లో లేదు, అన్నేళ్లూ సాక్షులు ఊళ్లో తలెత్తుకుని తిరిగారా అన్నది మాత్రం చుట్టూ ఉన్నవారి మీద ఆధారపడుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న డీఎస్పీ కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. చార్జిషీటు ఇంకా వేయలేదని అక్కడే తెలిసింది. మాలో ఒక సోదరి ఆ ఇంటి బాధ్యత తీసుకుంది. ఆమె వెళ్లిన మొదటిరోజు కేసు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. ఇద్దరూ కూర్చుని కాగితాలను కవరులో సర్దుతుంటే, కుల ధ్రువీకరణ పత్రంలో అబ్బాయి ఇంటిపేరు తప్పుగా పడిన సంగతి ఆ తల్లే చూపించిందట. దాన్ని సరిచేయించడానికి సోమవారం మండల కార్యాలయానికి వెళ్తున్నాము.