స్ప్రేయర్ మీద 400 పెంచారు, అంతా ఓడ కిరాయేనా?

మాది దేవరకొండలో వ్యవసాయ పనిముట్ల షాపు. పత్తికి మందు కొట్టే సీజన్ ముందు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి చైనా బ్యాటరీ స్ప్రేయర్లు తెచ్చుకుంటాం. ఈసారి డీలర్ పీసుకు 400 పెంచాడు. అడిగితే ఎర్ర సముద్రం గొడవ, ఓడ కిరాయి, లేబర్ అంటున్నాడు. చైనా నుంచి చెన్నై వచ్చే ఓడకు ఎర్ర సముద్రంతో ఏం పని? విడి మోటార్ల రేటు మాత్రం పెరగలేదు. రైతులు నన్ను తిడుతున్నారు.

జవాబు: అన్నా, మాది జడ్చర్ల. చెన్నైలో ఓడ సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తున్నా. మీ సరుకు మలక్కా జలసంధి మీదుగా వస్తుంది, ఎర్ర సముద్రం ఆ దారిలో లేదు. కానీ 2023 చివర్లో అక్కడ ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఓడలు, కంటైనర్లు ఆ దూరంలోనే ఇరుక్కుంటే మిగతా రూట్లలోనూ కొరతే. అందుకని డీలర్ మాట అబద్ధమనను. 400 దగ్గరే అనుమానం.

కంటైనర్‌లో వెయ్యి స్ప్రేయర్లు పట్టాయనుకోండి. కిరాయి లక్ష పెరిగితే పీసుకు వంద. కస్టమ్స్ డ్యూటీని సరుకు విలువకు ఓడ కిరాయి, బీమా కూడా కలిపి వేస్తారు. డ్యూటీ 10 శాతం అనుకుంటే, ఆ డ్యూటీలో పదో వంతు సర్‌చార్జితో కలిపి ఆ వంద 111 అవుతుంది. పైన పడే ఐజీఎస్టీని (దిగుమతి మీద జీఎస్టీ) డీలర్ క్రెడిట్ తీసుకుంటాడు, అంటే తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాడు. అంటే 400 రావాలంటే కిరాయి మూడున్నర లక్షలకు పైనే పెరగాలి! మోటార్లయితే అదే కంటైనర్‌లో వేలకు వేలు పడతాయి, పీసుకు కొన్ని రూపాయలే. డాలర్ రేటు ఎంత పెరిగిందో కూడా అడగండి, బిల్లు డాలర్లలోనే ఉంటుంది.

ఇంకో జవాబు: స్ప్రేయర్ అంటే సగం ఖాళీ డబ్బా, గాలికి కిరాయి కడుతున్నాం. చెర్లపల్లిలో మాకు తెలిసినాయన మోటారు, బ్యాటరీ మాత్రం తెప్పించి ట్యాంకు ఇక్కడే పోయించి బిగిస్తాడు. బిగింపు కూలి ఇక్కడ ఎక్కువే పడుతుంది, అయినా ఓడ కిరాయిలో మిగిలేదానికి అది తక్కువే అంటాడు.

అడిగినవారు: థ్యాంక్స్ తమ్ముడూ, డాలర్ సంగతి రేపే అడుగుతా. చెర్లపల్లి సరుకుకు వాషర్లు, నాజిళ్లు సీజన్ మధ్యలో దొరుకుతాయా? దొరక్కపోతే మళ్లీ నా షాపు ముందే పంచాయితీ.